మేనమామ మణికట్టు

ఆల్మా-అతా,
1978 నవంబరు.

నా నఘాషి, మా అమ్మ తోడబుట్టిన సింహం, పశువుల కాపరుల పల్లె తస్‌కుదిక్ అవుల్‌లో రెండు తీగెల దొంబ్రాకి ఏకైక చక్రవర్తి అయిన సార్సెన్‌బాయ్ మావయ్యకి,

మేనల్లుడు మేదెత్ సలాములు చేసి విన్నవించుకునేదేమంటే, ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ నువ్వు పొయ్యి పక్కన కాళ్లు చాపుకుని, పాలు పోసిన టీ తాగుతూ పరమ క్షేమంగా ఉంటావని తెలిసి కుళ్లుకుంటున్నాను.

సంగతి మణికట్టుది. కుడి మణికట్టు. నువ్వు పెట్టిందే. నాకు ఆరేళ్లప్పుడు ఒళ్లో దొంబ్రా పడేసి, గుర్రం దౌడు తీసినట్టు రెండు తీగెల మీదా ఒక్కసారే కొట్టాలని నేర్పావు గుర్తుందా? ఆ దౌడు నన్ను వదలడం లేదు. ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నా వదల్లేదు. నా బాస్ గిటార్ బడిబల్ల మూతలోంచి నేనే చెక్కుకున్నానని నీకు తెలుసు. దానికి చెవులు, అంటే తీగె చప్పుడు పట్టే అయస్కాంతాలు, అమర్చిన వారంలోనే మా వీధిలో టెలిఫోన్ బూత్ ఒకటి మూగబోయింది. ఆ రెండు ఘటనలకీ ఏ సంబంధమూ లేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

సెప్టెంబరు నుంచి ప్రభుత్వ కచేరీ సంస్థ ఫిల్‌హార్మోనియా వాళ్ల ‘ఝెల్‌మాయా’ పాటల బృందంలో నన్ను పరీక్ష మీద పెట్టుకున్నారు. నాయకుడు గ్లేబ్ అర్కాద్యెవిచ్. మనిషి మంచివాడే, చెవి మాత్రం కత్తి. మొదటి రోజే నా చెయ్యి చూసి పాట ఆపించాడు. బాస్ అంటే ఇంటికి పునాదట, పునాది గెంతకూడదట. “మీరు తీగె మీటడం లేదు యువకుడా, చీపురు పట్టి ఊడుస్తున్నారు” అన్నాడు. ఒక తీగె, ఒక స్వరం, కుదురుగా. అది ఆయన మతం. ఆ మతానికి ముల్లా వాదిమ్ అనే కుర్రాడు. సంగీత కళాశాలలో డబుల్ బాస్ అనే పెద్ద వాయులీనం నేర్చుకున్నాడు, చేతిలో జర్మనీ బాస్. వాడి వేలు తీగె మీద పడితే రాజముద్ర పడ్డట్టుంటుంది. రోజూ రిహార్సల్‌కి వచ్చి నాయకుడి కుడిపక్కన కూర్చుని, నా కుర్చీ కొలతలు కళ్లతోనే తీసుకుంటాడు.

వసంతంలో ఇద్దర్లో ఒకణ్ణి ఉంచుకుంటారు. నన్ను కాదంటే, చదివించిన బాకీ కింద ప్రభుత్వం నన్ను పెత్రోపావెల్ రేడియో ఫ్యాక్టరీకి మూడేళ్లు తోలుతుంది. అక్కడ రేడియో పెట్టెలు తట్టి, లోపల వాదిమ్ వాయిస్తున్న బాస్ బాగా వినిపిస్తోందో లేదో పరీక్షించడమే నా జీవితం.

కనుక మావయ్యా, మేనల్లుడు మూడుసార్లు ఏమడిగినా మేనమామ కాదనకూడదన్న మన తాతల చట్టం ప్రకారం నాకింకా ఒక్క కోరిక మిగిలి ఉంది. మొదటిది చుక్కల గుర్రప్పిల్ల, రెండోది తోడేలు తోలు టోపీ. మూడోది ఇదిగో: నీ మణికట్టు నువ్వు వెనక్కి తీసుకో. ఈ చెయ్యి మరిచిపోయే ఉపాయం చెప్పు.

ఇట్లు,
రెండు తీగెల శాపగ్రస్తుడు,
మేదెత్.


తస్‌కుదిక్ అవుల్, ఓరాల్ జిల్లా,
డిసెంబరు.

ఒరేయ్ అల్లుడూ,

మేనల్లుడొచ్చాడనకు, ఏడు తోడేళ్లొచ్చాయను అన్నారు పెద్దలు. తోడేళ్లు నయం, ఉత్తరాలు రాయవు.

నీ చట్టం నాకు చెబుతున్నావా? మేనల్లుడు తీసుకోవచ్చు అన్నారు. మేనమామ వెనక్కి తీసుకోవచ్చని ఏ ముసలాడూ అనలేదు. తిరిగివ్వడం అనేది మేనల్లుళ్ల వంశంలోనే లేదు. ఆ గుర్రప్పిల్ల తిరిగొచ్చిందా? ఆ టోపీ తిరిగొచ్చిందా? అది పెట్టుకుని ఆల్మా-అతాలో ఏ పిల్ల వెంట తిరుగుతున్నావో నేను అడిగానా? కాబట్టి ఈ కోరిక చెల్లదు. నీ మూడోది నీ దగ్గరే ఉంది, దాచుకో.

ఇంకో మాట. నేర్పింది నేనని నా మీదకి తోస్తున్నావు. మీ అమ్మ గుర్రప్పాలు తోలుసంచిలో పోసి చిలుకుతుంటే, నువ్వు గుమ్మంలో కూర్చుని ఆ ధబధబకీ ధబధబకీ మధ్యన పడేట్టు దొంబ్రా కొట్టేవాడివి. ఒక్కటి కూడా జారేది కాదు. మీ అమ్మ నిన్ను ఏడిపించాలని చిలకడం ఆపితే, నువ్వు తల ఎత్తి ఆమె వంక కోపంగా చూసేవాడివి. అది నేను నేర్పలేదు. నేను చెయ్యి ఎలా పట్టాలో చూపించాను, అంతే.

దౌడు తీసే చెయ్యి ఇచ్చి పంపిస్తే నువ్వు పోయి ఎండుపెరుగు కుర్ట్ ఉండలు ఆరబెట్టే పలకకి తీగెలు బిగించుకున్నావు. ఒకడు పాడుతుంటే వాడి కింద కూర్చుని డుమ్ డుమ్ అనడం కూడా ఒక వాయిద్యమేనా? మనది ఒంటరిగా వాయించే వంశం. మీ తాత వాయిస్తే గొర్రెలు మేత ఆపేవి. నువ్వు వాయిస్తే ఎవరో పిల్ల పాట పాడుకుంటుందట. అయినా నీ ఇష్టం.

ఒక తీగె అన్నవాడికి ఒక తీగె వాయించు. రష్యావాడు పునాది అన్నాడు కదా, ఇల్లు వాడిది. కుర్ట్ సంచి పంపుతున్నాను. పళ్లు విరిగితే నన్నడగకు.

సార్సెన్‌బాయ్.


ఆల్మా-అతా,
1979 జనవరి.

మహామహోపాధ్యాయ, వెనకవరస శిరోమణి, లావు దొంబ్రా సార్వభౌమ సార్సెన్‌బాయ్ మావయ్యకి,

చదువుతూ చదువుతూ ఆ బిరుదుల దగ్గర ఆగావు కదూ? ఇంకొంచెం సేపు ఆగు. టీ చల్లారిపోనీ.

నిన్న రిహార్సల్ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. ఒక తీగె, ఒక స్వరం అని బుద్ధిగా సాధన మొదలుపెట్టాను, కాసేపటికి బుద్ధి గడ్డితింది, చెయ్యి దాని దౌడు అది తీసుకుంటోంది. వాద్యాల గిడ్డంగి చూసే పెద్దావిడ బాల్కియా అపా టీ గ్లాసు పట్టుకుని పోతూ గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడ వెనకటికి రాష్ట్ర జానపద వాద్యబృందంలో కమానుతో కోబిజ్ వాయించేది. నన్ను పలకరించనైనా లేదు, తిన్నగా నా మణికట్టునే చూసి, “సార్సెన్‌బాయ్ నీకేమవుతాడు?” అంది.

మేనమామ అన్నాను.

“అదీ సంగతి. ఆ చెయ్యి ఏడేళ్లు నా పక్క కుర్చీలో కూర్చుంది” అంది.

మీరు పొరపాటు పడి ఉంటారన్నాను. మా మావయ్య ఒంటరిగా వాయించే వంశమని, ఒకరి కింద కూర్చోడని, డుమ్ డుమ్ అనడం ఆయనకి గిట్టదని, నీ ఉత్తరంలోని వాక్యాలు వరసగా అప్పజెప్పాను. ఆవిడ నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకుంది. గిడ్డంగిలోకి తీసుకెళ్లి చూపించింది. దూడంత పొట్ట ఉన్న బాస్ దొంబ్రా. నేలమీద దాని కాలు ఆనించి నిలబెడితే నా గడ్డం దాకా వచ్చింది. మెడ వెనక చెక్క ఒకచోట అరిగి గుంట పడి ఉంది.

మావయ్యా, నేను బాస్ వాయిస్తానన్నప్పుడు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు నువ్వు. గుర్రాన్ని వదిలి గాడిదెక్కానన్నావు. అదే గాడిద మీద ఏడేళ్లు ఊరేగిన మహానుభావుడివి. ఈ సంగతి అమ్మకి తెలుసా? తెలియకపోతే తెలియజేసే పుణ్యం నాకే ఉంచు.

వేళాకోళం ఇక్కడికి ఆపుతాను, ఎందుకంటే ఇవాళ గ్లేబ్ అర్కాద్యెవిచ్ నా పాటలు రెండు తీసి వాదిమ్‌కి ఇచ్చాడు. ఇంకా నాలుగు మిగిలాయి. ఏం చేసినా నా చెయ్యి కుదురుగా ఉండదు. కుదురుగా ఉంచితే బతికున్నట్టు వినిపించదు. నా ఉద్యోగం ఈ రెంటి మధ్యనా నలిగిపోతోంది.

మూడో కోరిక నా దగ్గరే ఉందని నువ్వే తీర్పు చెప్పావు. ఇప్పుడు వాడుకుంటున్నాను, చట్టబద్ధంగా, బాల్కియా అపా సాక్షిగా. ఆ వెనక వరసలో, ఈ చెయ్యితో, ఏడేళ్లు నీ కుర్చీ ఎలా నిలబెట్టుకున్నావో చెప్పు. కాదనడానికి వీల్లేదు.

మేదెత్.


తస్‌కుదిక్,
ఫిబ్రవరి.

మేదెత్,

అడిగావు కాబట్టి ఇస్తున్నాను.

నేను ఒంటరిగా వాయించే ఉద్యోగానికే ఆల్మా-అతా వచ్చాను. అక్కడ నాలాంటి ముప్పై మంది ఉన్నారు. నాకు చేతులు పెద్దవని ఆ పొట్టదాన్ని ఇచ్చి వెనక కూర్చోబెట్టారు. మొదటి నెల నిర్వాహకుడు నీ రష్యావాడు అన్నదే నాతో అన్నాడు, కజఖ్ భాషలో. ఒకటే తీగె వాయించు, గోల చెయ్యకు అని. నేను చెయ్యి ఆపి వాయించాను. మూడు కచేరీలు. చలికాలంలో కాలు కట్టేసిన ఒంటెలా ఉంది నాకు. నాలుగోదాంట్లో చెయ్యి ఆపలేదు, ఎడమ చేతికి పని చెప్పాను.

జాగ్రత్తగా చదువు. కుడిచేతిని మార్చకు. అన్ని తీగెల మీదా కొట్టనియ్యి, అది దాని పుట్టుక. ఎడమ బొటనవేలు మెడ వెనకనించి పైకి తెచ్చి పై తీగె మీద పడుకోబెట్టు. నొక్కకు. నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి కప్పినట్టు ఆనించు. ఖాళీగా ఉన్న వేళ్లు కింది తీగెల మీద అలాగే కప్పు. మధ్యలో నువ్వు కోరుకున్న ఒక్క తీగే పాడుతుంది. కప్పినవి పాడవు, డెక్కల చప్పుడు చేస్తాయి. వినేవాడికి స్వరం ఒకటే, గుర్రం మాత్రం ఆగదు. ఆ పొట్టదాని మెడకి నా బొటనవేలు అందేది కాదు, సాగదీసి సాగదీసి వంకర పోయింది. బాల్కియా చూపించిన గుంట అదే. నీ పలక మెడ సన్నం. నీకు ఏడుపెందుకు?

అడక్కపోయినా ఇంకొకటి చెబుతాను, ఎలాగూ ఆవిడ చెబుతుంది. ఐదో ఏడు మీ తాత కచేరీకి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అయ్యాక బయట నాకోసం నిలబడి, “నీ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూనే ఉన్నాను, ఈలోగా అయిపోయింది” అన్నాడు. మొదటినించి చివరిదాకా వాయించాను నాన్నా అన్నాను. “నాకు వినపడలేదురా” అన్నాడు ఆయన. తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఆ తర్వాత రెండేళ్లకి మందలు చూసేవాళ్లు లేరన్న వంక దొరికి వచ్చేశాను. ఊళ్లో అందరూ రాజధానిలో ఒంటరిగా వాయించి వచ్చాననుకున్నారు. అవునని నేను అనలేదు, కాదని కూడా అనలేదు.

నువ్వు బాస్ అన్నప్పుడు ఏడాది మాట్లాడనిది నీ మీద కోపంతో అనుకున్నావా?

మీ అమ్మకి తెలుసు. అప్పట్లో నా చొక్కాలు పంపింది ఆవిడే.

సార్సెన్‌బాయ్.


ఆల్మా-అతా,
ఏప్రిల్.

మావయ్యా,

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు బదులు రాయలేదు. ఏం రాయాలో తెలీక కాదు. పెన్ను పట్టుకోవడానికి బొటనవేలు సహకరించలేదు. (కొంత ఏం రాయాలో తెలీక కూడా.)

దుప్పటి కప్పడం అని నువ్వు సులువుగా రాసేశావు. మొదటి రెండు వారాలు నేను కప్పినవన్నీ లేచి ఏడ్చాయి. తర్వాత అన్నీ ఊపిరాడక చచ్చాయి. మా డోలు కొట్టే కొరియా కుర్రాడు కిమ్, నన్ను చూసి జాలిపడి, ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాడు. మూడోవారం ఒకరోజు ఉన్నట్టుండి వాడు కర్రలు ఆపేసి, “మళ్లీ చెయ్యి, ఇప్పుడు చేసింది” అన్నాడు. చేశాను. వాడు నవ్వుతూ అందుకున్నాడు. భోజనాల గంట కొట్టినా ఇద్దరం లేవలేదు. మావయ్యా, కొట్టినంతసేపూ నాకు గుమ్మమూ, తోలుసంచీ, అమ్మ మోచెయ్యీ కనిపించాయి. ఇంజనీరుని, ఇలాంటివి రాయకూడదు, రాసేశాను.

పోయినవారం కళామండలి వాళ్లు వచ్చి మా కార్యక్రమం విన్నారు. పతకాలు తగిలించుకున్న పెద్దమనుషులు. గాయని లంగా పొట్టిదన్నారు, గిటార్‌వాడి జుట్టు పొడుగన్నారు. రెండింటినీ సరాసరి చేస్తే సరిపోతుందని నాకు తోచింది కానీ పైకి అనలేదు. బాస్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. గ్లేబ్ అర్కాద్యెవిచ్ మాత్రం చివర్న నా దగ్గరికొచ్చి నా చేతుల వంక అనుమానంగా చూశాడు. స్వరం ఒక్కటే వినిపిస్తోంది, చెయ్యి చూస్తే ఊడవడం ఆపలేదు, ఇందులో మోసం ఎక్కడుందని అడిగాడు. చెవులతో వినేవాళ్లు చేతులెందుకు చూస్తారన్నాను. ఆయనకి నవ్వొచ్చింది, మింగేశాడు.

తీర్పు ఇది. మే నెలలో యాత్ర. మొదటి ఊరు, నమ్ము నమ్మకపో, ఓరాల్. మొదటి సగం వాదిమ్, రెండో సగం నేను. మర్నాడు ఒకడు బృందంతో ముందుకి, ఒకడు వెనక్కి. వెనక్కి వెళ్లేది నేనైతే దారిలో పెత్రోపావెల్‌కి టికెట్టు మార్చుకోవాలి.

సంస్కృతి భవనంలో, మే పదమూడు సాయంత్రం. నువ్వు రావాలని అడగడం లేదు. గొర్రెలకి ఉన్ని తీసే రోజులని తెలుసు. ఓరాల్‌లో హాలు చాలా పెద్దదని, ఖాళీలుంటే బావుండదని ఊరికే చెబుతున్నాను.

మేదెత్.


తస్‌కుదిక్,
మే.

ఒరేయ్ ఏడు తోడేళ్లూ,

ఉన్ని లారీ ఓరాల్ వెళుతుంటే ఎక్కాను. నీకోసం కాదు, ఉన్ని తూకం చూసుకోవడానికి. తూకం మధ్యాహ్నానికే అయిపోయింది. ఊరికే కూర్చోవడమెందుకని హాలుకి వచ్చాను. నా పక్కన మా పశువుల డాక్టరు ఝోల్దిబాయ్ కూర్చున్నాడు.

మొదటి సగం. నిజం చెప్పాలి కదా, ఆ వాదిమ్ పిల్లాడు ఒక్క తప్పు వాయించలేదు. వేలు శుభ్రం, స్వరం శుభ్రం. జనం చేతులు ఒళ్లో పెట్టుకుని బడిపిల్లల్లా విన్నారు.

రెండో సగానికి నువ్వొచ్చావు. నీ జుట్టు కూడా పొడుగే. రెండో పాటకే వెనక కుర్రాళ్లు కుర్చీలు గోడకి నెట్టేశారు. కాపలా ముసలమ్మ అరిచి అరిచి తనే పక్కకి తప్పుకుంది. హాలు హాలంతా కాళ్లమీద ఉంది. ఝోల్దిబాయ్ నన్ను మోచేత్తో పొడిచి మీ వాడెవడని అడిగాడు. చూపించాను. “ఆ మూల నిలబడ్డవాడా? వాడేం చేస్తున్నాడు, ఏమీ వినపడ్డం లేదే” అన్నాడు. నాకు మీ తాత కొత్త చొక్కా గుర్తొచ్చింది.

అప్పుడు ఆ డోలు కుర్రాడు కాలు జరిపితే నీ పలకకీ స్పీకరు పెట్టెకీ మధ్య ఉన్న తాడు ఊడింది. నేను చూశాను. నువ్వు తెల్లబోయి మెడ పట్టుకుని నిలబడ్డావు. పాట మాత్రం ఆగలేదు. పిల్ల పాడుతోంది, డోలు మోగుతోంది, అన్నీ ఉన్నాయి. కానీ ఆడేవాళ్ల కాళ్లు తడబడ్డాయి. ఒక పిల్ల పక్కవాడి కాలు తొక్కింది. ఒకడు దీపాలు తగ్గాయేమోనని పైకి చూశాడు. హాలు మధ్యలో నిలబడి ఎటు వెళ్లాలో మరిచిపోయిన మందలా అయ్యారు. ఝోల్దిబాయ్ చెవిలో వేలు పెట్టి ఆడించి, “ఏమైంది? ఏదో పోయిందే” అన్నాడు.

“అదే మావాడు” అన్నాను.

ఎవరో వేదిక మీద పాక్కుంటూ వచ్చి తాడు తగిలించారు. నేల మళ్లీ కాళ్ల కిందకి వచ్చింది. జనం అరిచిన అరుపు నువ్వూ విన్నావు, నేను రాయక్కర్లేదు.

అయ్యాక లోపలికి రాలేదని కోపం పెట్టుకోకు. లారీవాడు ఆగనన్నాడు. పైగా ఎదురుపడితే పొగడాల్సి వచ్చేది. మేనల్లుణ్ణి మొహమ్మీద పొగిడితే మందలో సగం అడుగుతాడు.

రష్యావాడు ఏం తేల్చాడో వెంటనే రాయి. మీ అమ్మ రోజూ పోస్టాఫీసు దాకా నడుస్తోంది. నేను నడవడం లేదు. ఆవిడకి తోడు వెళుతున్నాను.

సార్సెన్‌బాయ్.


అక్తోబె వెళ్లే రైల్లో,
మే.

మావయ్యా,

నీ ఉత్తరం కోసం ఆగకుండా రాస్తున్నాను. పై చిరునామా చూశావుగా. అక్తోబె మా యాత్రలో రెండో ఊరు, పెత్రోపావెల్ రైలు ఇటు పోదు. అమ్మకి చెప్పు. తర్వాత మిగిలింది చదువు.

నువ్వు హాల్లో ఉండటం వేదిక మీదనించే చూశాను, తాడు ఊడటం నువ్వూ చూసే ఉంటావు. అది తగిలించడానికి పాక్కుంటూ వచ్చింది వాదిమే. వేసుకున్న కొత్త ప్యాంటుతోనే. నేనైతే వాడికోసం అంత పని చేసేవాణ్ణా అని అప్పట్నించీ ఆలోచిస్తున్నాను. ఇంకా తేలలేదు.

కచేరీ అయ్యాక తెర వెనక గ్లేబ్ అర్కాద్యెవిచ్ సిగరెట్టు తిరగేసి ముట్టించుకుని, దగ్గుతూ, మా ఇద్దర్నీ చెరో పెట్టె మీద కూర్చోబెట్టాడు. వాదిమ్‌నే ముందు మాట్లాడమన్నాడు. వాడు మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ చెప్పాడు. “వీడి శబ్దం పోయిందని నాకు చెవుల్లో తెలియలేదు, కాళ్లలో తెలిసింది. నేను వాయిస్తున్నప్పుడు తాడు ఊడితే ఎవరికి తెలిసేది?” అన్నాడు. వాణ్ణి అప్పుడు చూడలేకపోయాను మావయ్యా. గ్లేబ్ అర్కాద్యెవిచ్ జేబులోంచి అక్తోబె టికెట్టు తీసి నా ఒళ్లో పెట్టాడు. తెల్లారి ఫిల్‌హార్మోనియాకి తంతి కొట్టించి, నన్ను ఫ్యాక్టరీకి పంపక్కర్లేదన్న కాగితం మీద నా కళ్లముందే సంతకం చేశాడు. అందులో నా హోదా ‘బాస్ వాద్యకారుడు’ అని ఉంది. ‘పరీక్ష మీద’ అన్న మాట కోసం రెండుసార్లు వెతికాను, లేదు. వాదిమ్ పెద్ద వాయులీనం వైపు తిరిగి వెళుతున్నాడు, అక్కడ వాడికి కుర్చీ ఎప్పుడూ ఉంది. వెళ్లేముందు తన జర్మనీ తీగెల కట్ట నా సంచిలో దోపాడు, ముఖం పక్కకి తిప్పుకుని.

ఇక ఇప్పటి సంగతి. మధ్యాహ్నం టీ తాగుతుంటే గ్లేబ్ అర్కాద్యెవిచ్ మా పెట్టెలోకొచ్చి తలుపు మూశాడు. తాళం వేసి ఉందో లేదో రెండోసారి చూసుకున్నాడు. గిటార్‌వాడి గిటారు ముందే అడిగి తెచ్చుకున్నాడు. ఆ బొటనవేలు ఒక్కసారి చూపించమన్నాడు, చాలా చిన్న గొంతుతో. అప్పట్నించీ నాలుగు స్టేషన్లు దాటాయి. ఆయన ముఖం ఎర్రబడి, నాలుక పళ్ల మధ్య ఇరుక్కుని, మెడని రెండు చేతులతో కోడిని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. తీగెలన్నీ ఒకేసారి అరుస్తున్నాయి. కిమ్ పైబెర్తు మీద దుప్పట్లో నోరు కుక్కుకుని, నవ్వు ఆగక ఏడుస్తున్నాడు.

నేను చాలాసేపు ఓపిక పట్టాను. చివరికి, జీను వెయ్యడం రానివాడికి గుర్రం ఎవడిచ్చాడండీ అని అడిగాను, ఆయన్నే, మొహమ్మీద.

కాగితం మీద సంతకం పడ్డాకే అడిగాన్లే మావయ్యా, ముందు కాదు.

మేదెత్.